లోచ్ చేపల పెంపకం, మేత: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఇది తొట్టె అడుగు శుభ్రం చేసే చేప, విడిగా మేత వేయనక్కరలేదు" అని దుకాణంలో చెప్పారు. నిజమేనా?

కాదు. లోచ్‌ను ఇంటికి తెచ్చుకున్నవారు మొట్టమొదట వదులుకోవలసిన నమ్మకం ఇదే. లోచ్ ఇతర చేపల మలం తినదు, కుళ్లిన మేతతో బతకదు. అది అడుగున తిరిగే చేప, అంతే. వాగుల్లో ఇసుకలో, రాలిన ఆకుల కింద దొరికే పురుగులు, నత్తలు, చిన్న చిన్న రొయ్యపిల్లలను వెతుక్కుని తింటుంది. మన తొట్టెలో అవేవీ ఉండవు. పైన తిరిగే టెట్రాలు, బార్బ్‌లు వేసిన మేతను నీటి మధ్యలోనే ఖాళీ చేస్తే కిందికి చేరేది నలకలే. అలా అర్ధాకలితో లోచ్ నెలల తరబడి నెట్టుకొస్తుంది. రంగు పెద్దగా తగ్గదు, ఈత ఆగదు. అందుకే ఇంట్లోవారికి అనుమానం రాదు. తెలిసేసరికి వీపు కత్తిలా సన్నబడి ఉంటుంది. ఈ పేజీలో మేత గురించి ఎక్కువ రాయడానికి కారణం అదే.

మొదటిసారి పెంచేవారు ఏ లోచ్ తీసుకోవాలి?

కూలీ లోచ్ తీసుకోండి. ఆగ్నేయాసియాలో మెల్లగా పారే వాగుల చేప ఇది. పది సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. పసుపు ఒంటి మీద ముదురు గోధుమరంగు పట్టీలతో, చిన్న బొమ్మిడాయిలా మెలికలు తిరుగుతూ ఉంటుంది. ఎవరి జోలికీ పోదు. రెండున్నర అడుగుల తొట్టెలో ఆరు చేపలు హాయిగా ఉంటాయి.

యోయో లోచ్ ఉత్తర భారతదేశం, నేపాల్ నదులది. చురుకైనది, కాస్త పెత్తనం చేసే రకం. 12 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది కాబట్టి నాలుగడుగుల తొట్టె కావాలి. డోజో లోచ్ గురించి, కొండవాగుల్లో ఉండే హిల్‌స్ట్రీమ్ లోచ్ గురించి వేడి దగ్గర చెబుతాను. మన ఎండలకు ఆ రెండూ అంత తేలిక కాదు.

క్లౌన్ లోచ్ చాలా అందంగా ఉంది. అది తీసుకోకూడదా?

అందంలో దానికి సాటి లేదు. నారింజరంగు ఒంటి మీద మూడు నల్ల పట్టీలు, ఎర్రటి రెక్కలు. డచ్చి వైద్యుడు పీటర్ బ్లీకర్ 1852లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. సుమత్రా, బోర్నియో దీవుల నదులు దీని పుట్టిల్లు. చిక్కంతా పరిమాణంలోనే ఉంది. దుకాణంలో వేలెడంత ఉండే పిల్ల చివరికి 25, 30 సెంటీమీటర్ల చేప అవుతుంది. ఇరవై ఏళ్లకు పైగా బతకగలదు. పైగా ఒక్కటిగా ఉండలేదు. ఐదారు క్లౌన్ లోచ్‌లు పెద్దవయ్యాక ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న తొట్టె కావాలి. అంటే దాదాపు 600 లీటర్ల నీరు. ఆ బరువు మోసే స్టాండు, ఇంట్లో చోటు, ఇల్లు మారినప్పుడు తరలించే ఓపిక ఉంటేనే తీసుకోండి. "పెద్దయ్యాక చూద్దాం" అని రెండడుగుల తొట్టెలో వేయడం దానికి అన్యాయం.

లోచ్‌లు మన నదుల్లో ఉండవా?

ఉంటాయి. దక్షిణాది ఇసుక వాగుల్లో చిన్న లోచ్‌లు సహజంగానే బతుకుతున్నాయి. తమిళనాడులో అయిర మీన్ అని ఇష్టంగా పులుసు పెట్టుకునేది అటువంటి లోచ్‌నే. అక్వేరియం దుకాణాల్లో జీబ్రా లోచ్ పేరుతో కనిపించే బోటియా స్ట్రయాటా పడమటి కనుమల చేప. 1920లో సి.ఆర్. నారాయణరావు దీన్ని వర్ణించారు. తుంగ నదిలోనూ, కృష్ణ ఎగువ పాయల్లోనూ ఉంటుంది. మనకు దిగువన అందే నీరు పుట్టేచోట పుట్టిన చేప అన్నమాట. ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో అది అంతరించే ప్రమాదం ఉన్న జాతి. నదిలో పట్టి తెచ్చిందని తెలిస్తే నేనైతే కొనను. మీరూ దుకాణదారుని అడగండి. అడిగేవారు పెరిగితేనే సమాధానం చెప్పే అలవాటు వారికీ వస్తుంది.

ఒక్క లోచ్‌ను పెంచితే ఏమవుతుంది?

దాక్కుంటుంది. ఇంట్లో లోచ్ ఉందన్న సంగతి మీరే మరిచిపోతారు. ఇవి గుంపు చేపలు. ఏ రకమైనా కనీసం ఐదారు ఉండాలి. కూలీలు ఎనిమిది, పది ఉంటే పగటిపూట కూడా బయట కనిపిస్తాయి. యోయో, క్లౌన్ లోచ్‌లలో పెద్దాచిన్నా వరుస ఉంటుంది. రెండు పక్కపక్కన చేరి ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నప్పుడు రంగు వెలిసి బూడిదరంగుకు మారతాయి, కాసేపటికి మళ్లీ మామూలవుతాయి. ఆ గొడవలో ఎవరికీ గాయాలు కాకపోతే భయపడనక్కరలేదు. రెండే ఉన్నచోట మాత్రం బలమైనది రెండోదాన్ని అదేపనిగా వేధిస్తుంది.

తొట్టె అడుగున ఇసుక వేయాలా, రంగురాళ్లు వేయాలా?

ఇసుక. ఇందులో రెండో మాట లేదు. లోచ్ నోటి చుట్టూ ఉండే మీసాలే దానికి వేళ్లు, నాలుక. వాటితో తడుముతూ ఇసుకలోకి మూతి దించుతుంది. కూలీ లోచ్ అయితే నోటినిండా ఇసుక తీసుకుని, తినేది ఉంచుకుని, మిగతాది మొప్పల గుండా వదిలేస్తుంది. పదునైన రంగురాళ్ల మీద మీసాలు అరిగిపోయి పుండ్లు పడతాయి. నది ఇసుక వాడేటట్లయితే సన్నని జల్లెడ పట్టి, నీరు తేటగా వచ్చేదాకా కడిగి, రెండంగుళాలకు మించకుండా పరవండి. సముద్రపు ఇసుక వద్దు. అందులోని గవ్వపొడి నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది.

దాక్కోవడానికి దుంగలు, నున్నటి రాళ్లు, కొబ్బరి చిప్పలు, ప్లాస్టిక్ పైపు ముక్కలు పెట్టండి. క్లౌన్ లోచ్‌లు ఒకే పైపులో ఇరుక్కుని పడుకోవడాన్ని ఇష్టపడతాయి. చేప పెరిగిన కొద్దీ పైపు మార్చాలి, లేదంటే నిజంగానే ఇరుక్కుపోతుంది. తొట్టెకు సందులేని మూత తప్పనిసరి. కూలీ, డోజో లోచ్‌లు గొట్టాలు వెళ్లే సందులోంచి కూడా బయటపడతాయి. ఫిల్టరు నీటిని పీల్చే చోట స్పాంజి తొడగకపోతే కూలీలు లోపలికి దూరతాయి.

కొత్త తొట్టెలో వెంటనే వేయవచ్చా?

వద్దు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరులో స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమోనియా, నైట్రైట్ రెండూ పరీక్షలో సున్నా చూపించాకే లోచ్‌లను తెచ్చుకోండి. తర్వాత వారానికొకసారి నాలుగోవంతు నీరు మార్చండి.

మాది బోరు నీరు. పనికొస్తుందా?

యోయో లోచ్ ఓ మాదిరి కాఠిన్యాన్ని తట్టుకుంటుంది. కూలీ, క్లౌన్ లోచ్‌లకు మెత్తని నీరు కావాలి. రాయలసీమలో, తెలంగాణలో చాలాచోట్ల బోరు నీటిలో లవణాలు బాగా ఎక్కువ. అలాంటిచోట ఆర్‌వో నీటిని బోరు నీటిలో కలిపి వాడండి. ఉత్త ఆర్‌వో నీరు పోస్తే ఖనిజాలు లేక ఆమ్లత ఒక్కసారిగా మారిపోతుంది. బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది కాబట్టి ముందురోజే బకెట్‌లో పట్టి ఎయిర్ పంపు పెట్టి ఉంచడం మంచిది. కుళాయి నీరైతే క్లోరిన్ విరుగుడు మందు కలపాలి. ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ క్లోరమైన్ పోదు.

అసలు ఏమి పెట్టాలి?

రోజువారీ ఆధారం నీట మునిగే గుళికలు లేదా బిళ్లలు. డబ్బా వెనుక చూడండి. మొదటి పదార్థం చేప, రొయ్య లేదా పురుగు పిండి అయి ఉండాలి. గోధుమపిండితో మొదలయ్యేది పక్కన పెట్టండి. చిన్న నోటి కూలీలకు ఒక మిల్లీమీటరు గుళికలు సరిపోతాయి.

దానికి తోడు వారంలో రెండు మూడు రోజులు గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్ (ఎర్రటి నీటిపురుగులు), డాఫ్నియా (నీటి ఈగలు), ఆర్టీమియా (ఉప్పునీటి చిట్టి రొయ్యలు) ఇవ్వండి. ఆ గడ్డను కప్పు నీటిలో కరిగించి, వడగట్టి, పురుగులను మాత్రమే తొట్టెలో వేయాలి. బ్లడ్‌వార్మ్ కొందరికి చేతులు దురద పెట్టి, తుమ్ములు తెప్పిస్తుంది. చేతి తొడుగు వేసుకోండి. యోయో, క్లౌన్ లోచ్‌లకు ఉప్పు, పసుపు తగలని పచ్చి రొయ్యను సన్నగా తరిగి వేస్తే ఎగబడి తింటాయి. తింటున్నప్పుడు అవి టిక్కుటిక్కుమని చేసే శబ్దం నిశ్శబ్దంగా ఉన్న గదిలో అద్దం ఇవతలికి వినిపిస్తుంది. వానపాములు కూడా గొప్ప ఆహారం. పురుగుమందులు చల్లని నేలలోనివి తీసుకుని, కడిగి, చేప నోటికి తగ్గట్టు కోయాలి.

కూరగాయలు క్లౌన్ లోచ్‌లకు ముఖ్యం, మిగతావాటికి రుచి మార్పు. చెక్కు తీసిన కీరదోస చక్రాన్ని స్టీలు ఫోర్కుకు గుచ్చి అడుగున పెడితే తెల్లవారేసరికి గుజ్జు మాయమై అంచు మిగులుతుంది. ఉడికించి పొట్టు తీసిన పచ్చిబఠానీ, వేడినీటిలో ముంచి తీసిన పాలకూర కూడా పెట్టవచ్చు. మిగిలిన ముక్కను ఉదయమే తీసేయండి.

కోనేటి చేపలకు మరమరాలు వేసిన అలవాటుతో ఇంటి తొట్టెలోనూ మరమరాలు, అన్నం, రొట్టె వేస్తుంటారు. లోచ్‌కు వాటివల్ల ఉపయోగం లేదు. అవి ఇసుకలో పులిసి నీటిని పాడుచేస్తాయి. ఆవు, మేక మాంసపు కొవ్వు కూడా చేపకు అరగదు.

దుకాణంలో అమ్మే బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు వేయవచ్చా?

లోచ్‌లు వాటిని ప్రాణం పెట్టి తింటాయి. అయినా నా సలహా వద్దనే. అవి మురుగునీటి బురదలో పెరిగేవి. వాటితోపాటు రోగాలు కూడా వస్తాయి. ఎండబెట్టిన ట్యూబిఫెక్స్ చదరాలు అప్పుడప్పుడూ ఇస్తే ఇబ్బంది లేదు.

ఎప్పుడు పెట్టాలి? పై చేపలే అంతా తినేస్తున్నాయి.

దీపం ఆర్పాక. ముందు పై చేపలకు తేలే మేత వేసి వాటి ఆకలి తీర్చండి. తొట్టె దీపం ఆర్పిన అరగంటకు లోచ్‌ల బిళ్లలను రెండు మూడు చోట్ల, వాటి దాపుల దగ్గరగా జారవిడవండి. బ్లడ్‌వార్మ్ లాంటి తేలికైన మేతను పొడవాటి గొట్టం ద్వారా గానీ సూది లేని పెద్ద సిరంజితో గానీ నేరుగా అడుగుకు చేర్చండి.

తర్వాత గదిలో దూరంగా చిన్న బల్బు మాత్రం ఉంచి కూర్చోండి. ముందు దుంగ కింద నుంచి ఒక మూతి కనిపిస్తుంది, మీసాలు కదులుతాయి. ఆ కూలీ సగం ఒళ్లు బయటికి తెచ్చి ఆగుతుంది. దాని వెనుకే రెండోది, మూడోది. బిళ్ల ఎక్కడుందో వాటికి కనిపించదు, వాసన తెలుస్తుంది. ఇసుక మీద అటూ ఇటూ తల ఊపుతూ దగ్గరికి వచ్చి, బిళ్లకు మీసం తగలగానే ఒళ్లంతా దాని చుట్టూ చుట్టుకుంటాయి. ఇలా వారానికొకసారైనా చూడాలి. అన్నీ వస్తున్నాయా, ఏదైనా రావడం మానేసిందా అన్నది ఆ పదినిమిషాల్లోనే తెలుస్తుంది.

ఎంత పెట్టాలి?

గంటలోపు అయిపోయేంత. డబ్బా మీది లెక్క కన్నా చేప పొట్టే మంచి కొలత. పక్క నుంచి చూస్తే తిన్న మర్నాడు పొట్ట కొద్దిగా గుండ్రంగా ఉండాలి. పై నుంచి చూస్తే తల వెనుక భాగం తలకన్నా సన్నగా ఉండకూడదు. పెద్ద చేపలకు రోజుకొకసారి చాలు, వారంలో ఒకరోజు ఉపవాసం ఉంచినా మంచిదే. ఐదు సెంటీమీటర్ల క్లౌన్ పిల్లలకు మాత్రం రోజుకు రెండు మూడుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. ఆ వయసులో ఆకలికి గురైన పిల్ల తర్వాత సరిగా పెరగదు.

బాగా తింటోంది, అయినా చిక్కిపోతోంది. ఎందుకు?

కడుపులో పురుగులు ఉండవచ్చు. నదిలో పట్టిన క్లౌన్, యోయో లోచ్‌లలో ఇది మామూలే. లెవామిసోల్ వంటి పురుగుల మందు పనిచేస్తుంది. మోతాదు మాత్రం చేపల వైద్యం తెలిసిన పశువైద్యుని అడిగే వేయండి. కొత్త చేపలను మూడు నాలుగు వారాలు వేరే తొట్టెలో ఉంచి గమనించడం ఎంత మేలో ఇక్కడే తెలుస్తుంది.

ఒంటి మీద తెల్లచుక్కలు వచ్చాయి. దుకాణంలో కల్లుప్పు, నీలిమందు (మిథిలీన్ బ్లూ) వేయమన్నారు.

ఆగండి. ఆ చుక్కలు ఇక్ అనే పరాన్నజీవివి. లోచ్‌లకు, ముఖ్యంగా క్లౌన్‌కు, ఇది అందరికన్నా ముందు వస్తుంది. లోచ్ పొలుసులు చాలా చిన్నవి, చర్మంలో దాగి ఉంటాయి. అందుకని మందు ఘాటు వాటికి ఎక్కువగా తగులుతుంది. గుప్పెళ్లకొద్దీ ఉప్పు పోయడం ప్రమాదం. నీలిమందు ఫిల్టరులోని మంచి బాక్టీరియాను చంపుతుంది.

వేడితో మొదలుపెట్టండి. క్లౌన్, యోయో, కూలీలకు హీటరుతో నీటిని గంటల వ్యవధిలో ఒక్కో డిగ్రీ చొప్పున 30 డిగ్రీలకు తీసుకెళ్లి, గాలి బుడగలు పెంచండి. వేడి వల్ల పరాన్నజీవి జీవితచక్రం త్వరగా తిరుగుతుంది. చర్మం వదిలి నీటిలో ఈదే దశలోనే అది మందుకు లొంగుతుంది. కాబట్టి చుక్కలు పోయాక కూడా చికిత్సను కనీసం వారం కొనసాగించాలి. ఇక్ మందు వాడితే డబ్బా మీద రాసినదానిలో సగం మోతాదుతో మొదలుపెట్టండి. ఫిల్టరులో బొగ్గు ఉంటే తీసేయండి, లేదంటే మందును అది పీల్చేస్తుంది. డోజో, హిల్‌స్ట్రీమ్ లోచ్‌లకు ఈ వేడి చికిత్స చేయకూడదు.

లోచ్ పక్కకు ఒరిగి పడి ఉంది. చనిపోయిందా?

బహుశా నిద్రపోతోంది. క్లౌన్, యోయో లోచ్‌లు పక్కకు ఒరిగి పడుకుంటాయి, కొన్ని వెల్లకిలా కూడా. దగ్గరికి వెళ్లి మొప్పలు చూడండి. నెమ్మదిగా, సమంగా కదులుతుంటే కదిలించకండి. మొప్పలు గబగబా కొట్టుకుంటుంటే వెంటనే నీటిని పరీక్షించి మూడోవంతు మార్చండి.

మే నెల ఎండల్లో ఏం చేయాలి?

మన ఇళ్లలో నీరు 32, 33 డిగ్రీలు దాటడం సాధారణమే. వేడెక్కిన కొద్దీ నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మూత స్థానంలో సన్నని జాలీ బిగించి, నీటి ఉపరితలం మీద చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కోస్తా ఉక్కపోతలో ఈ లాభం కొంత తక్కువే. ఆవిరైన నీటి స్థానంలో లవణాలు లేని నీరు పోయండి. ఐసుగడ్డలు నేరుగా వేయకండి, ఒక్కసారిగా వచ్చే మార్పే ఎక్కువ హాని చేస్తుంది. ఎయిర్ పంపుకు కరెంటు ఖర్చు చాలా తక్కువ. కోతల వేళ ఆగకుండా ఇన్వర్టర్‌కు కలపండి.

డోజో లోచ్ తూర్పు ఆసియా వరిచేల, చెరువుల చేప. నీటిలో గాలి చాలనప్పుడు పైకి వచ్చి గాలి మింగి పేగుల ద్వారా ఆక్సిజన్ తీసుకోగలదు. గాలి పీడనం మారినప్పుడు కంగారుగా ఈదుతుంది కాబట్టి వెదర్ లోచ్ అనీ అంటారు. అంత గట్టిదైనా 24 డిగ్రీలు దాటిన నీటిలో ఏళ్ల తరబడి సుఖంగా ఉండదు. హిల్‌స్ట్రీమ్ లోచ్‌కు 20 నుంచి 24 డిగ్రీలు, జోరైన ప్రవాహం, రాళ్ల మీద నాచు కావాలి. నాచుకు మాత్రం మన ఎండ వరమే. డాబా మీద టబ్బులో నీళ్లు పోసి నున్నటి రాళ్లు వేసి ఉంచితే కొద్దిరోజుల్లో పచ్చగా పడుతుంది. తొట్టెలోని రాళ్లతో వాటిని మారుస్తూ ఉండవచ్చు. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం లేకుండా మాత్రం ఈ చేపను నేను ఎవరికీ సూచించను.

చలికాలం మరవద్దు. డిసెంబరు రాత్రుల్లో హైదరాబాద్‌లో, ఆదిలాబాద్ వైపు నీరు చల్లబడినప్పుడు క్లౌన్ లోచ్‌కు హీటరు ఉండాల్సిందే. 25 డిగ్రీల కన్నా తగ్గితే ఇక్ వచ్చే అవకాశం పెరుగుతుంది.

సంక్రాంతికి ఊరెళ్తాం. మేత ఎలా?

ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగైదు రోజులు మేత లేకుండా ఉండగలవు. అంతకుమించితే, రోజుకింత అని పొట్లాలు కట్టి పక్కింటివారికి ఇవ్వండి. డబ్బా మాత్రం వారి చేతికి ఇవ్వకండి. ప్రేమతో ఎక్కువ వేసేస్తారు.

నత్తలు పెరిగిపోయాయి. లోచ్‌ను తెస్తే తినేస్తుందా?

యోయో, క్లౌన్, జీబ్రా లోచ్‌లు తింటాయి. మూతి పెట్టి గుల్లలోంచి నత్తను పీల్చేస్తాయి. కూలీలు పెరిగిన నత్తను ఏమీ చేయలేవు. కానీ నత్తల కోసమే చేపను కొనకండి. నత్తలు పెరిగాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. అది తగ్గిస్తే అవీ తగ్గుతాయి.

ఏ చేపలతో కలిపి ఉంచవచ్చు?

కూలీలకు టెట్రాలు, రాస్బోరాలు, గౌరామీలు, కోరీడోరాలు సరిపోతాయి. యోయోలకు బార్బ్‌లు, డానియోల వంటి చురుకైనవి. పొడవాటి రెక్కల బెట్టా, ఏంజెల్ చేపలతో యోయోలను కలపకండి, రెక్కలు కొరుకుతాయి. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ ఉన్నచోట చిన్న లోచ్ వాటికి మేతే.

వలతో పట్టినప్పుడు చిక్కుకుపోయింది. ఎలా తీయాలి?

కంటి కింద ముడుచుకుని ఉండే ముల్లు ఒకటి ఉంటుంది. భయపడినప్పుడు దాన్ని బయటికి విప్పుతుంది, అది వల దారానికి తగులుకుంటుంది. లాగకండి. వలతో సహా నీటిలోనే ఉంచితే చాలాసార్లు తానే విడిపించుకుంటుంది. లేదంటే దారాన్ని కత్తిరించండి. అసలు వల బదులు ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి పట్టడం మేలు. క్లౌన్ ముల్లు మీ వేలికీ గుచ్చుకోగలదు.

ఇంట్లో పిల్లలు పెడతాయా?

క్లౌన్ లోచ్ ఇంట్లో గుడ్లు పెట్టడం దాదాపు జరగదు. ఫారాల్లో హార్మోన్ ఇంజెక్షన్లతో పెట్టిస్తారు. కూలీలు మాత్రం దట్టంగా మొక్కలు ఉన్న, చాలాకాలంగా కుదురుకున్న తొట్టెల్లో అరుదుగా గుడ్లు పెడతాయి. ఆడ కూలీని పక్క నుంచి చూస్తే చర్మం వెనుక పచ్చగా గుడ్ల ముద్ద కనిపిస్తుంది. పిల్లలు వెంట్రుకంత సన్నగా ఉండి, ఇసుక సందుల్లో, ఫిల్టరు లోపల బతికేస్తుంటాయి. కాబట్టి అలాంటి తొట్టెలో ఫిల్టరు కడిగిన నీటిని పారబోసే ముందు తెల్లటి పళ్లెంలో పోసి ఒకసారి చూడండి. పిల్లలు దొరికితే వేరే తొట్టెలోకి మార్చి, గుడ్ల నుంచి అప్పుడే వచ్చిన ఆర్టీమియా పిల్లలను మేతగా పెట్టండి.